కిందింటి దీపం

రోజుకు ఎనిమిది గంటలు బస్సు తోలతాను.
డండీ ఊరి గుట్టలెక్కేది ఇంజను, దిగేది బ్రేకు,
నొప్పెట్టే నడుం మాత్రం నాది.
రక్తం చూసిన డాక్టరమ్మ
కాగితం మీద ఒక అంకె చుట్టూ గీత గీసి
"అంచు మీద ఉన్నావు, పైడిరాజూ" అంది.
ఏ పక్కకి దూకాలో చెప్పలేదు.

చేతికో గడియారం కొన్నాను.
మొదటి రోజే హిల్‌టౌన్ ఎత్తులో
స్టీరింగు వణుకుతుంటే
అవి అడుగులనుకుని లెక్కెట్టేసింది.
డిపోకి చేరేసరికి తొమ్మిది వేల నాలుగొందలు!
తెర మీద తారాజువ్వలు, శభాషులు.
సీట్లోంచి లేవకుండా
ఊరంతా నడిచేసిన మొనగాణ్ణి.
రెండు వారాలు ఆ పొగడ్త తిన్నాను. తీపే.
ప్యాంటు బొత్తాం ఒప్పుకోలేదు.

అప్పుడు తెచ్చాను, డిపోలో ఫెర్గస్
విసిగి అమ్మేసిన ఆటపెట్టెని.
తెరలో ఒక కుర్రాడు, చెమట పట్టనివాడు,
నా మోకాలి సంగతి తెలియనివాడు,
గుద్దమంటాడు, వంగమంటాడు,
గెంతు గెంతు గెంతంటాడు.
మూడున్నరకే చీకటి పడే డిసెంబర్లో
కర్టెన్లు మూసి, బనీనుతో,
లేని శత్రువు దవడ మీద నేను.
గోడ మీది నీడ నాకంటే బాగా ఆడేది.

పదో గెంతుకి కింద నుంచి చీపురుకట్ట.
టక్. టక్. టక్.
ఐలీన్ మెక్‌ఫీ. ఎనభై దగ్గరపడ్డ మనిషి.
మెట్ల మీద వెనకనుంచి సారీ అంటే
తిరిగైనా చూసేది కాదు.
తివాచీ మీద తివాచీ వేశాను, దాని మీద దుప్పటి.
గెంతమన్నప్పుడల్లా చేతులు మాత్రం ఎగరేసి
కుర్రాణ్ణి మోసం చేశాను.
"అద్భుతం!" అన్నాడు.
పొగిడే యంత్రాలకి కళ్లుండవు కాబోలు.

జనవరిలో మోకాలు వాచింది.
మూడు రోజులు సోఫా, వేడినీళ్ల సంచి.
గడియారం మాత్రం గంటకోసారి
లే, కదులు అని నస.
నాలుగో సాయంత్రం తలుపు చప్పుడు.
స్వెట్టరు మీద స్వెట్టరు, చేతిలో చీపురు లేదు.
"చచ్చావేమో అనుకున్నా" అంది
సొంత అత్తలా, మొహమాటం లేకుండా.

చప్పుడు ఆగిందని వచ్చారా అన్నాను.
నా పెదాలనే చూస్తూ నవ్వింది.
చెవుల్ని పదిహేనో ఏటే
జనపనార మిల్లుకి ఇచ్చేసిందట.
మగ్గాల హోరులో గొంతులు పనిచేసేవి కావట,
పెదాలు చదువుకునేవాళ్లట.
నా గెంతులు ఆమెకి వినపడవు.
నడింట్లో దీపం ఊగుతుంది, అంతే.
ఊగితే అల్లికలో కుట్ల లెక్క తప్పేది, కోపం.
ఊగని ఈ మూడు రోజులూ
ఎందుకో, అప్పుడూ తప్పిందట.

నిదానంగా పెదాలు కదిపి చెప్పాను,
చిట్టివలస మిల్లులో మా పెద్దమ్మ
ముప్ఫై ఏళ్లు గోనెసంచులు కుట్టిందని,
గుసగుస చేతకాక
రహస్యాలన్నీ వీధికి వినపడేలా చెప్పేదని.
"ఆ వాసన పోయిందా ఆమెకి?"
"పోలేదు."
ఐలీన్ తన అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుంది.

తర్వాత జరిగింది చెబితే డిపోలో నమ్మరు.
కుర్చీ లాక్కుని కూర్చుని
నా రెండు పిడులూ అందుకుని
తెరలో వాడి మీద పడింది.
ఎడమ, కుడి, ఎడమ,
పళ్లు బిగించి, ఎవరిదో పేరు గొణుగుతూ.
ఎవరతను?
"మేస్త్రీ. నిమిషం ఆలస్యమైతే
అర పూట కూలి కోసేవాడు."
అరవై ఏళ్ల తర్వాత వాడికి
ఇరవై రెండు వేల పాయింట్ల దెబ్బలు పడ్డాయి.
పట్టీలో పైన ఆమె పేరు, కింద నాది,
ఇప్పటికీ.

మోకాలు తగ్గింది. అంచు మీదే ఉన్నాను,
కాస్త ఇటుగా.
డ్యూటీ ఎక్కే ముందు గడియారం విప్పి
డిపో అరలో పెట్టి తాళం వేస్తాను.
ఇంటికొచ్చి గెంతమంటే గెంతుతాను, మడమలు లేపి.
ఆరు దాటినా మొదలెట్టకపోతే
కింద నుంచి
టక్. టక్. టక్.